ఇంట్లోనా, వార్డులోనా, హోమ్‌లోనా? తీవ్ర మానసిక జబ్బున్న మనిషిని చూసుకునే ఇంటివాళ్ళకు

తులసికోటలో మట్టి మారుద్దామని అమ్మ కెలికితే పదకొండు మాత్రలు బయటపడ్డాయి. కొన్ని కరిగి సున్నపు ముద్దల్లా అయిపోయాయి, కొన్నింటి మీద మధ్యలో గీత ఇంకా కనిపిస్తోంది. రాత్రి అన్నం తిన్నాక తమ్ముడు మా ఎదుటే మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళేవాడు. మేం చూసింది అంతవరకే. అప్పటికి రెండు వారాలుగా వాడికి నిద్ర లేదు. పక్కింటివాళ్ళు గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారని గొడవపడుతున్నాడు. వాడికి స్కిజోఫ్రీనియా, లేని మాటలు వినిపించి, లేని అనుమానాలు పుట్టించే జబ్బు. జబ్బు మొదలై అప్పటికి ఆరేళ్ళు.

ఆ సాయంత్రం ఏలూరులో మా ఇంట్లో అందరూ కూర్చున్నాం. పెదనాన్న విశాఖ ఆసుపత్రిలో చేర్పించెయ్యమన్నారు. పిన్ని దర్గాకు తీసుకెళ్దామంది. మా ఆయన స్నేహితుడెవరో హైదరాబాద్‌లో ఇలాంటివాళ్ళను ఉంచుకునే ఒక హోమ్ ఉందన్నాడు. అమ్మ మాత్రం "నా కొడుకు నా దగ్గరే ఉంటాడు" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత పదమూడేళ్ళలో ఈ దారుల్లో చాలావాటిని మేం నడిచి చూశాం. ఇప్పుడు అదే స్థితిలో ఉన్నవాళ్ళు ఫోన్ చేసి "ఏం చెయ్యమంటారు అక్కా?" అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మందు మార్చడం, ఆపడం డాక్టరు చెప్పాకే.

ఏ దారైనా ఎంచుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. మనిషి ఇప్పుడు జబ్బు ఎగసిన దశలో ఉన్నాడా, కాస్త కుదుటపడ్డాడా? రెండోది, ఇంట్లో నిజంగా పనికొచ్చే చేతులు ఎన్ని? మొదటిది తేల్చుకోకపోవడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఎగసిన రెండు మూడు వారాల్లో, కంటి మీద కునుకు లేని రాత్రుల్లో, "ఇక మావల్ల కాదు" అనుకుని జీవితాంతానికి నిర్ణయం తీసేసుకుంటారు. ఆ వారాలకు కావలసింది ఆసుపత్రి. ఆ తర్వాతి సంవత్సరాలకు కావలసింది వేరు. రెండింటికీ ఒకే జవాబు వెతకొద్దు.

జబ్బు ఎగసినప్పుడు ఏ ఆసుపత్రి?

నిద్ర పూర్తిగా పోయినా, తిండి మానేసినా, ఎవరికైనా హాని జరిగేలా ఉన్నా ఇల్లు సరిపోదు. చచ్చిపోతానన్న మాట వచ్చిందంటే, బెదిరింపులే అని తీసిపారేయకండి, ఆ రాత్రే బయల్దేరండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చూసుకునేవాళ్ళు తమ కోసమూ చెయ్యొచ్చు. నేను ఒకసారి అర్ధరాత్రి నా కోసమే చేశాను.

దగ్గర్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంటే నా మొదటి ఓటు అక్కడి సైకియాట్రీ వార్డుకే. షుగరు, బీపీ, గుండె అన్నీ ఒకే ఆవరణలో చూస్తారు. ఈ మందులతో బరువు, షుగరు పెరగడం మామూలే కాబట్టి అది చిన్న లాభం కాదు. "జనరల్ ఆసుపత్రిలో ఉన్నాడు" అని చుట్టాలకు చెప్పడమూ తేలిక. మంచాలు తక్కువ. పక్కన మనిషి ఉండి తీరాలంటారు కాబట్టి ఎవరో ఒకరు సెలవు పెట్టాలి.

ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు లాంటి ప్రత్యేక ఆసుపత్రుల పేరు మనదగ్గర తిట్టుగా మారిపోయింది. ఆ భయంతో వాటిని పక్కన పెట్టొద్దు. బాగా ఎగసిన మనిషిని రోజూ చూసే సిబ్బంది అక్కడే ఉంటారు, ఖర్చు దాదాపు ఉండదు. పక్కన ఉండటానికి ఎవరూ లేని ఇళ్ళకు అదే దిక్కు. ఇబ్బందల్లా దూరం. దూరమైతే చూడ్డానికి వెళ్ళడం తగ్గుతుంది, వెళ్ళడం తగ్గితే ఇంటికి తీసుకురావడం వెనక్కి పోతుంది. చేర్పించిన రోజే వారానికి ఎవరు వెళ్తారో కాగితం మీద రాసుకోండి.

ప్రైవేటులో త్వరగా చేర్చుకుంటారు, గది దొరుకుతుంది, డాక్టరు నింపాదిగా మాట్లాడతారు. రోజుకు మొత్తం ఎంతవుతుందో, రక్తపరీక్షలు విడిగానా అని చేరకముందే అడగండి. ఆరోగ్య బీమా ఉంటే తప్పకుండా వాడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి.

బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ గురించి చాలామంది అడుగుతారు. ఏ జబ్బో తేలకపోయినా, రెండు మూడు మందులు మార్చినా గుణం లేకపోయినా వెళ్ళాల్సిన చోటు అది. హిందూపురం, అనంతపురం వాళ్ళకు హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర. ప్రతి చిన్న ఎగసిపాటుకూ శ్రీకాకుళం నుంచి అంత దూరం పరుగెత్తడం మాత్రం మనిషికీ మంచిది కాదు, జేబుకీ మంచిది కాదు. అక్కడ ఒకసారి దారి తేల్చుకుని, ఆ చీటీతో ఊళ్ళో డాక్టరు దగ్గర కొనసాగించడం మేలు.

ఆసుపత్రి ఏదైనా, ఎలా తీసుకెళ్ళారన్నది చాలా ముఖ్యం. మేం మొదటిసారి "కళ్ళు చూపించుకుందాం రా" అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళి చేర్పించాం. వాడు ఇరవై రెండు రోజులుండి బాగుపడి వచ్చాడు. కానీ మా చేతి మాత్రను నమ్మడం మానేశాడు. తులసికోటలో దొరికిన మాత్రల మూలం అక్కడే ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రెండోసారి అమ్మ పక్కన కూర్చుని "నీకు నిద్ర పట్టడం లేదురా నాన్నా, నాకూ పట్టడం లేదు. పది రోజులు ఆసుపత్రిలో ఉందాం, నేనూ నీతో ఉంటాను" అంది. రెండు గంటలు పట్టింది. వాడే వచ్చి కారెక్కాడు.

ఒప్పుకోని స్థితిలో ఉంటే చట్టం దారి చూపింది. ఇందాక చెప్పిన 2017 చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (రోగి తరఫున మాట్లాడే మనిషి) దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక ముప్పై రోజుల వరకు చేర్చుకోవచ్చు. అంతకు మించితే మళ్ళీ పరీక్షలుంటాయి, ఆ చట్టం కింద ఏర్పడిన మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలి. కాబట్టి "సంతకం పెట్టేస్తే జీవితాంతం లోపలే" అన్న భయమూ అక్కర్లేదు, అలాంటి ఆశ కూడా పెట్టుకోవద్దు.

మాత్రలా, ఇంజెక్షనా?

ఇది చిన్న ఎంపికలా కనిపిస్తుంది. మా ఇంటిని నిలబెట్టింది ఇదే. రోజూ వేసుకునే మాత్ర అంటే రోజూ ఒక తగువు. "వేసుకున్నావా? నోరు తెరువు, నాలుక ఎత్తు" అని ముప్పై దాటిన మగవాణ్ణి అడగాల్సి వస్తే అడిగేవాళ్ళకూ సిగ్గే, అడిగించుకునేవాళ్ళకూ అవమానమే. స్కిజోఫ్రీనియాకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే ఫ్లూఫెనజిన్ ఇంజెక్షన్ పాతకాలం నుంచీ ఉంది, ధర తక్కువ. నెలకోసారి వేసే కొత్త రకాలూ ఉన్నాయి, వాటి ఖరీదు ఎక్కువ. ఇంజెక్షన్‌కు మారాక మా ఇంట్లో మాత్రల తనిఖీ ఆగిపోయింది. నెలకు ఒక్క రోజు ఆసుపత్రి, వచ్చేటప్పుడు ఇద్దరం ఇడ్లీ తిని రావడం. అమ్మ, తమ్ముడు మళ్ళీ సినిమాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

లోపాలు లేకపోలేదు. చేతులు బిగుసుకుపోవడం, కాలు నిలవకుండా ఆడటం లాంటివి వస్తే ఇంజెక్షన్ మందును వెంటనే ఒంట్లోంచి తీసెయ్యలేం. అందుకే ముందు అదే మందును మాత్రగా ఇచ్చి పడుతుందో లేదో చూస్తారు. మిగతా మందులకు లొంగనప్పుడు ఇచ్చే క్లోజపిన్ వాడేవాళ్ళకు మాత్ర తప్పదు, మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయించాలి. జ్వరమో గొంతునొప్పో వస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి.

బైపోలార్ (ఉత్సాహం, దిగులు హద్దు మీరి వచ్చిపోయే జబ్బు) ఉండి, దానికి లిథియం మందు వాడేవాళ్ళ ఇళ్ళకు ఒక మాట. మన మే నెల ఎండల్లో చెమట బాగా పోయి నీళ్ళు తాగకపోతే, విరేచనాలు పట్టుకుంటే, రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది. కొన్ని నొప్పి మాత్రలతోనూ అంతే, మెడికల్ షాపులో అడిగి తెచ్చి వెయ్యొద్దు. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంట్లో పెట్టుకోవడం

ఇంటివాళ్ళను పక్కన పెట్టుకుని వైద్యం చెయ్యడం మన దేశానికి కొత్త కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగులతోపాటు కుటుంబాలనూ ఉండనిచ్చారు. ఇంటివాళ్ళకు జబ్బు ఏమిటో అక్కడే అర్థమయ్యేది, తిరిగి తీసుకెళ్ళడానికి వెనకాడేవాళ్ళు కాదు. కుదుటపడిన మనిషికి ఇల్లే మంచి చోటు అని నేనూ నమ్ముతాను.

కానీ ఇంట్లో చూసుకోవడం ఖర్చు లేని పని అన్న లెక్క తప్పు. అది ఒక మనిషి జీవితాన్ని తింటుంది. మన ఇళ్ళలో ఆ మనిషి దాదాపు ఎప్పుడూ తల్లో, భార్యో, పెళ్ళికాని చెల్లెలో. తమ్ముడు రాత్రి లేచి బయటికి వెళ్ళిపోతాడేమోనని మా అమ్మ నాలుగేళ్ళు వీధి గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంది. ఆమె బీపీ, మోకాళ్ళు, చుట్టాల పెళ్ళిళ్ళకు పోలేకపోవడం ఎవరి లెక్కలోనూ లేవు. కాబట్టి ఇల్లు ఎంచుకుంటే రెండో మనిషి ఎవరో మొదటి రోజే తేల్చండి. నెలలో కనీసం నాలుగు రోజులు మొదటి మనిషికి పూర్తి సెలవు ఉండాలి. అలా రెండో మనిషి ఎవరూ దొరకకపోతే, ప్రేమ ఎంత ఉన్నా ఇల్లు ఒక్కటే సరైన ఏర్పాటు కాదని నా అభిప్రాయం. డే కేర్ సెంటరో, పగటి పూట సహాయకుడో, మరొకటో దానికి తోడు కావాలి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అన్నదమ్ములు డబ్బు పంపుతారు, మంచిదే. వాళ్ళ పేరున ఒక పని కూడా అప్పజెప్పండి. ప్రతి ఆదివారం సాయంత్రం తమ్ముడితో అరగంట వీడియో కాల్, ఏడాదికోసారి మూడు వారాలు వచ్చి అమ్మను ఊరికి పంపించడం లాంటివి. పంపిన డబ్బుతో సహాయకుణ్ణి పెట్టుకోవచ్చు. "మా అన్నయ్య నాతో మాట్లాడతాడు" అన్న ధైర్యం మాత్రం ఆ ఫోన్ వల్లే వస్తుంది.

ఇంట్లో మాటల తీరు మందంత పని చేస్తుంది. 1970లలో లండన్‌లో జరిగిన పరిశోధనల్లో, విమర్శ, కోపం, అతిగా కలగజేసుకోవడం ఎక్కువగా ఉన్న ఇళ్ళకు తిరిగి వెళ్ళినవాళ్ళకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టిందని తేలింది. మనం విమర్శ అనుకోనిదే ఎక్కువ. "ఎన్నాళ్ళు పడుకుంటావురా ఎద్దులా?" అన్నది మా ఇంట్లో రోజూ వినిపించిన మాట. ఆ పడుకోవడం, మాట్లాడకపోవడం, స్నానం చెయ్యకపోవడం బద్ధకం కాదు, జబ్బులో భాగమే. గొంతులు వినిపించడం తగ్గాక కూడా అవి చాలాకాలం ఉంటాయి. మేం మాట మార్చాం: "ఎనిమిదింటికి పాలప్యాకెట్లు తేవాలిరా, నువ్వు తెస్తావా?" కొన్నాళ్ళు తేలేదు. తర్వాత తెచ్చాడు. ఇప్పుడు పాల లెక్క వాడిదే, నేను అడిగితే క్యాలెండర్ చూపిస్తాడు.

హోమ్‌లో చేర్పించాలనుకుంటే

ఈ దారిని పాపంలా చూడకండి. తల్లిదండ్రులకు వయసు మీదపడిన ఇళ్ళల్లో, ఒంటరి భార్య ఉద్యోగం చేస్తూ చిన్నపిల్లల్ని పెంచుకుంటున్న ఇళ్ళల్లో హోమ్ అవసరమే. రెండు రకాలున్నాయి. కొన్ని నెలలుంచి, వంట, బట్టలు, బస్సెక్కడం, చిన్న పని అలవాటు చేసి తిరిగి పంపేవి మొదటి రకం. బెంగళూరులో రిచ్‌మండ్ ఫెలోషిప్, చెన్నైలో 1984లో డాక్టర్ శారదా మీనన్ మొదలుపెట్టిన స్కార్ఫ్ ఇలాంటి పునరావాసానికి పేరున్న సంస్థలు. రెండోది ఏళ్ళ తరబడి ఉంచుకునేది. వయసులో ఉన్నవాళ్ళకు మొదటి రకమే ముందు చూడండి.

మేం ఒకచోట ఐదు నెలలు ఉంచాం. ఫోటోల్లో తోట ఉంది, ధ్యానమందిరం ఉంది. మొదటి నెల రావద్దన్నారు, "అలవాటు పడాలి" అన్నారు. నలభై రోజుల తర్వాత వెళ్తే తల గొరిగించి ఉంది, మాట ముద్దగా వస్తోంది, నన్ను చూసి లేవలేకపోయాడు. మందు ఎంత ఇస్తున్నారని అడిగితే చీటీ చూపించలేదు. ఆ రోజే తెచ్చేసుకోకుండా ఇంకా నాలుగు నెలలు ఉంచాం, ఎక్కడ పెట్టాలో తెలియక. ఆ నాలుగు నెలల బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే చేర్చేముందు ఇవి చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, కాగితం చూపించమనండి. మత్తు మాన్పించే సెంటర్‌లో అందరినీ కలిపి పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, మనవాళ్ళకు అది తగిన చోటు కాదు. సైకియాట్రిస్టు ఏ రోజు వస్తారో, మందుల చీటీ మీకు ఇస్తారో లేదో అడగండి. ఇంటివాళ్ళు ఎప్పుడైనా రావచ్చా, ఫోన్ మాట్లాడనిస్తారా? బలవంతంగా గుండు చెయ్యకూడదు, సొంత బట్టలు కట్టుకోనివ్వాలి, గొలుసులు ఏ రూపంలోనూ వెయ్యకూడదు. ఇవన్నీ చట్టంలో ఉన్నవే, దయ కాదు. చెప్పకుండా మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి వెళ్ళండి. ఆ గంటలో తెలిసేది బ్రోషర్‌లో ఉండదు.

గుడీ, దర్గా, పెళ్ళీ

మొక్కు మొక్కుకోవద్దని ఎవరికీ చెప్పను. మా అమ్మకు ఆంజనేయస్వామి గుడే ఊపిరి. మందు ఆపమని చెప్పే చోటు నుంచి మాత్రం వెనక్కి తిరగండి, కట్టేసే చోటు నుంచి పరుగెత్తండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గరి మానసిక రోగుల హోమ్‌లో, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో చనిపోయారు. నమ్మకం, మందు రెండూ కలిసి నడుస్తాయి. మా పిన్ని తాయెత్తు తమ్ముడి చేతికి ఇప్పటికీ ఉంది, ఇంజెక్షనూ ఉంది.

"పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు" అన్న సలహా కూడా తప్పకుండా వస్తుంది. పెళ్ళి వైద్యం కాదు. దాచి చేస్తే, కొత్త మనిషికి తెలియకూడదని మందు మానేస్తారు, పెళ్ళి హడావిడిలో నిద్ర ఉండదు, నెల తిరక్కుండా జబ్బు తిరగబెడుతుంది. ఒక ఆడపిల్ల జీవితం మధ్యలో ఇరుక్కుంటుంది. అన్నీ చెప్పి, మందు వాడుతూ చేసుకున్న పెళ్ళిళ్ళు నిలబడినవి నేను చూశాను.

డబ్బు, కాగితాలు, మా తర్వాత

2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా వైకల్యమే. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువని సర్టిఫికెట్ వస్తే చాలా తలుపులు తెరుచుకుంటాయి. ఆంధ్రలో గ్రామ లేదా వార్డు సచివాలయంలో సదరం (వైకల్య పరీక్ష) స్లాట్ తీసుకోవాలి, తెలంగాణలో యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చెయ్యాలి. పాత ఓపీ చీటీలు, డిశ్చార్జ్ సమ్మరీలు అన్నీ పట్టుకెళ్ళండి. పరీక్ష రోజు మనిషి శుభ్రంగా తయారై బాగా మాట్లాడితే "బాగానే ఉన్నాడుగా" అనేస్తారు. స్నానానికి ఎన్నిసార్లు చెప్పాలో, పని ఎంతసేపు చెయ్యగలడో మీరు ఉన్నదున్నట్టు చెప్పాలి. దివ్యాంగ పెన్షన్ ఆంధ్రలో 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. ఆదాయపు పన్ను కట్టే అన్నకో అక్కకో, పాత పన్ను విధానంలో ఉంటే, తన మీద ఆధారపడిన వికలాంగుణ్ణి చూసుకుంటున్నందుకు, 80డీడీ అని పిలిచే నిబంధన కింద 75,000, వైకల్యం 80 శాతం లేదా అంతకంటే ఎక్కువైతే 1,25,000 రూపాయల మినహాయింపు వస్తుంది.

ఒక అపోహ తీసెయ్యాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా, లీగల్ గార్డియన్ ఏర్పాటు ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్నవారికి మాత్రమే. స్కిజోఫ్రీనియాకు వర్తించవు. వాటి కోసం తిరిగి టైము పోగొట్టుకోవద్దు.

తండ్రో తల్లో కేంద్ర ప్రభుత్వ పెన్షనరైతే, జబ్బు వల్ల సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ ఇచ్చే నిబంధన ఉంది. ఆ పేరు వాళ్ళు బతికుండగానే రికార్డులో ఎక్కించుకుంటే తర్వాత తిరుగుడు తగ్గుతుంది. రాష్ట్ర ఉద్యోగులూ తమ శాఖలో ఇప్పుడే అడగాలి. హోమ్‌కు కట్టే డబ్బు, ఇంటి అద్దె, సహాయకుడి జీతం, ఏది ఎంచుకున్నా మన తర్వాత నడవాలంటే ఇలాంటి నెలసరి రాబడి ఒకటి ఉండాలి. ఆస్తి మొత్తం ఒక్క తోబుట్టువు పేర రాసి "వీణ్ణి చూసుకో" అనడం కన్నా, నెల నెలా వచ్చేలా ట్రస్టు పెట్టించడం నయం. దీనికి మంచి లాయరు కావాలి.

చివరగా, మేం చాలా ఆలస్యంగా చేసిన పని ఒకటుంది. మనిషి బాగున్న రోజుల్లో, జబ్బు మళ్ళీ ఎగస్తే తన తరఫున ఎవరు మాట్లాడాలో తనే రాసుకోవచ్చు. నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అన్నది అదే. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెడితే చాలు. పోయిన సంక్రాంతికి తమ్ముడి ముందు కాగితం, పెన్ను పెట్టి సంగతి చెప్పాను. పందొమ్మిదేళ్ళుగా ఆసుపత్రులు తిరిగింది నేనే కాబట్టి నా పేరే రాస్తాడనుకున్నాను. వాడు చాలాసేపు ఆలోచించి మా ఆయన పేరు రాశాడు. "నువ్వు ఏడుస్తావక్కా, డాక్టరు చెప్పేది వినపడదు నీకు. బావైతే నన్ను అడిగి మాట్లాడతాడు" అన్నాడు. కింద తేదీ వేసి, సంతకం పెట్టి, కాగితం మడిచి బావ చేతికే ఇచ్చాడు.